రాణి తల వంచని ద్వారం

మా తమ్ముడు బల్దిరి బతికుండగా చేసిన ఆఖరి పని, కేకుల కొట్టు ముందు కొత్తగా వేసిన గుడ్డ పందిరి ఎత్తు కొలవడం. ఏప్రిల్ నెల, మంగళవారం, పొద్దున పదకొండు గంటలు. కొలిచి పెదవి విరిచాడు.

"మూడు వేళ్లు తక్కువుంది, రెమేయ్."

"ఎవరి వేళ్లు? నీవా, నావా?" అంది కొట్టు యజమానురాలు రెమేయ్, చేతులకున్న పిండి దులుపుకుంటూ.

"రాణివి."

"రాణి వచ్చేది ఆగస్టులో. అందాకా నా గిరాకీలు ఎండలో మాడాలా?"

"మాడనీ. కాస్త రంగెక్కుతారు. చలికాలమంతా లోపల కూర్చుని పాలిపోయి ఉన్నారు."

"చూడు బల్దిరీ, ఈ ఊళ్లో ఎవరైనా నా పందిరి గురించి మాట్లాడొచ్చు. నువ్వు మాత్రం మాట్లాడకూడదు."

ఆ మాటకి కొట్లో ఉన్న ముగ్గురూ నవ్వారు. ఎందుకు నవ్వారో తర్వాత చెబుతాను. బల్దిరి కూడా నవ్వి, పైన్ గింజలు చల్లిన తీపి రొట్టె ముక్క నిలబడే తిని, వెదురు కర్ర భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. కర్ర గుమ్మం బయట గోడకి ఆనించాడు. "అక్కా, సూపు వేడిగా ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. నేను పళ్లేలు పట్టుకొచ్చేలోపు, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అరవై ఎనిమిదేళ్లు. డాక్టరు గుండె అన్నాడు. రెమేయ్ మాత్రం, "సరే ఎత్తిస్తాలే అని ఒక్క మాట అనుంటే ఏం పోయేది?" అని ఇప్పటికీ బాధపడుతుంది. మర్నాడే పందిరి ఎత్తించింది. మూడు వేళ్లు కాదు, మూరెడు.

మా ఊరు రొకఫ్రేదాకి ఇద్దరు ఏలికలు. రాజు బెర్త్రాన్, రాణి గీస్లా. తలలు కాగితపు గుజ్జువి, ఒళ్లు చెక్క చట్రాలు, పైన పట్టు బట్టలు. ఒక్కొక్కరు రెండు నిలువుల ఎత్తుకు మించి ఉంటారు. ఏడాదంతా మునిసిపాలిటీ మెట్ల కింద దుప్పట్లు కప్పుకుని నిలబడతారు. ఆగస్టు పండగనాడు బయటికొచ్చి, సన్నాయిలూ డోళ్లూ మోగుతుంటే ఊరంతా తిరిగి నాట్యం చేస్తారు. వాళ్ల గౌను కిందికి దూరి, చట్రాన్ని భుజాల మీదికి ఎత్తుకునే మనిషే వాళ్ల కాళ్లు. గీస్లా కాళ్లు మా తమ్ముడివి. ఇరవై ఆరేళ్లు.

మిగతా రోజుల్లో వాడు వడ్రంగి. ఊళ్లోని చెక్క కిటికీ రెక్కలన్నీ వాడి చేతి మీదుగా పోయినవే. పెళ్లి చేసుకోలేదు. అడిగితే, "ఒక ఆడమనిషిని మోస్తున్నాను, చాలదా?" అనేవాడు. నాకు భర్త పోయాక పై వాటా నాది, కింది వాటా వాడిది, మధ్యాహ్నం భోజనం ఇద్దరిదీ.

రాణి కడుపు దగ్గర, నడికట్టు మడతలో, అరచేయంత కిటికీ ఉంటుంది. దానికి నల్ల వల కుట్టి ఉంటుంది. లోపలి మనిషి లోకాన్ని చూసేది అందులోంచే. అది కిందికి వాలి ఉండడం వల్ల నేల తప్ప ఇంకేమీ కనిపించదు. అందుకని మా ఊరు బల్దిరికి కింద నుంచి తెలుసు: ఏ రాయి కదులుతుందో, ఏ మెట్టు అరిగిందో, ఎవరి గుమ్మం ముందు నీళ్లు నిలుస్తాయో. పై నుంచి కూడా తెలుసు, ఎందుకంటే రాణి ఎత్తున్న వెదురు కర్ర ఒకటి చేయించుకుని, వారానికోసారి ఊరేగింపు దారంతా తిరిగి కొలిచేవాడు. కొత్తగా లాగిన కరెంటు తీగ, బాల్కనీ నుంచి జారిన పూలకుండీ, బయటికి పొడుచుకొచ్చిన ఏసీ పెట్టె, ఏదైనా సరే కర్రకి తగిలితే ఆ ఇంటి గంట మోగేది.

"ఎవరూ?"

"రాణిగారి మనిషిని. మీ జెరేనియం కుండీ జానెడు పైకి జరపాలి."

జరిపేవాళ్లు. పన్ను కట్టమంటే పది సాకులు చెప్పే ఊరు, కుండీ జరపమంటే మారు మాట్లాడేది కాదు.

నేలకీ చూరుకీ మధ్యలో ఉండేదంతా నాది. ముప్పై ఎనిమిదేళ్లు బళ్లో చరిత్ర చెప్పి, రిటైరయ్యాక ఆదివారాలు ఊరు చూడడానికి వచ్చినవాళ్లని వెంటబెట్టుకుని తిప్పేదాన్ని. గుడి స్తంభం తల మీద తన తోక తానే కొరుక్కుంటున్న సింహం, వీధి మలుపులో రొట్టెలవాడి ఇంటి గుమ్మం పైన చెక్కిన గోధుమ కంకి, ఊరి నడిమి చౌకు చుట్టూ ఒకదానితో ఒకటి పొంతన లేని కమానులు, యూదుల వీధిలో ప్రార్థన చీటీ పెట్టుకోవడానికి ద్వారబంధానికి ఏటవాలుగా తొలిచిన గాడి, ఇవన్నీ చెబుతూ నడిచేదాన్ని. సరిగ్గా నేను మంచి పట్టులో ఉన్నప్పుడు వీధి చివర వెదురు కర్ర కనిపించేది.

"ఈ ఇల్లు పదిహేనువందల ఎనభై ఏడులో..." అని మొదలుపెట్టేదాన్ని.

"ఇది రాణిగారి ముక్కు విరిగిన ఇల్లు," అనేవాడు వెనక నుంచి.

అందరి తలలూ అటు తిరిగేవి.

"అదిగో, ఆ ఇనప కమ్మీ. ముక్కు పోయి కిందున్న బాకా ఊదేవాడి టోపీలో పడింది. కొత్త ముక్కు మా సాసేజీలవాడు చేశాడు. వాడికి తెలిసిన ముక్కు వాళ్లావిడదొక్కటే. పాపం రాణిగారు అప్పట్నుంచి ఏదో మాడుతున్న వాసన వస్తున్నట్టు మొహం పెడతారు."

"బల్దిరీ, నేను చరిత్ర చెబుతున్నాను."

"నేనూ అదే చెబుతున్నానక్కా. నీది పాతది, నాది కొత్తది."

నడక అయిపోయాక వచ్చినవాళ్లు నాకు మర్యాదగా చెయ్యి కలిపేవాళ్లు. వాడితో ఫోటోలు దిగేవాళ్లు. ఒకావిడైతే నాలుగువందల ఏళ్ల గుమ్మాన్ని వదిలేసి, ఆ ఇనప కమ్మీని ముట్టుకుని చూసింది.

ఇక నీటి ద్వారం గురించి చెప్పాలి. ఊరి గోడకి ఏటివైపున్న ద్వారం అది. బురుజు కింద నుంచి సొరంగంలా పోతుంది. శత్రువు గుర్రాలు దూసుకు రాకుండా మధ్యలో మెలిక తిప్పి కట్టారు. లోపల పట్టపగలే చీకటి. కమాను ఎత్తు గీస్లా కిరీటం కన్నా సరిగ్గా నాలుగు వేళ్లు ఎక్కువ, అదీ నట్టనడుమ. జానెడు పక్కకి జరిగితే కమాను వంపు కిరీటాన్ని గీరేస్తుంది.

చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో ఇలాంటి చోట బొమ్మల్ని వెనక్కి వాల్చి, నలుగురు పట్టుకుని పడకమంచంలా దాటిస్తారు. మా బెర్త్రాన్ రాజు కూడా అలాగే దాటుతాడు. ఆయన మరీ పొడుగు. కానీ గీస్లా వాలదు. మా ఊళ్లో రాణి నీటి ద్వారం కింద తల వంచదు. ఎందుకో ఎవరికీ తెలియదు, వంచదంతే. మోసేవాడు మోకాళ్లు వంచి, చట్రాన్ని నేల నుంచి రెండే రెండు వేళ్లు లేపి, అలాగే బాతులా ముప్పై రెండు అడుగులు నడవాలి. అటు వైపు వెలుతురులోకి గీస్లా నిటారుగా వచ్చిందంటే ఊరంతా టోపీలు ఎగరేస్తుంది. కిరీటం రాయికి తగిలిందంటే, ఆ మోసినవాడు మళ్లీ రాణి గౌను ముట్టుకోడు. బల్దిరికి ముందు మోసిన కసాయి మాటేవ్ ఒక్కసారి తగిలించాడు. ఆ మరుసటి ఏడు నుంచి ఊరేగింపులో జెండా మోశాడు.

బొమ్మకి ముందు ఒక మనిషి దాన్నే చూస్తూ వెనక్కి నడవాలి, దారి చెప్పడానికి. అది నా పని. మొదటి ఏడే బల్దిరి నన్ను అడిగాడు.

"అయిదేళ్ల వయసు నుంచి నువ్వు నామీద అరుస్తూనే ఉన్నావు. నాకు అలవాటైన గొంతు."

నలభై మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టిన గొంతు నాది. తెల్లటి తాడు చెప్పులు వేసుకుని, పండగనాడు ఊరి ఆడవాళ్లందరూ కట్టుకున్నట్టే నల్ల రిబ్బన్లు చీలమండకి చుట్టుకుని, ద్వారం నడుమ కాలువ రాళ్ల మీద వెనక్కి నడుస్తూ అరిచేదాన్ని. "ఎడమకి! చాలు! ఇంకో వేలు! మెలిక వచ్చింది, మెలిక!" సన్నాయిలు నా చెవి పక్కనే మోగేవి. అయినా తగ్గేదాన్ని కాదు. సాయంత్రానికి మాట పెగిలేది కాదు. బల్దిరి తేనె కలిపిన వేడినీళ్లు తెచ్చిచ్చి, "నీ గొంతు లేకపోతే నేను గోడలో ఉండేవాణ్ణక్కా," అనేవాడు. ఒక ఏడు కంగారులో కుడి అనబోయి ఎడమ అన్నాను. వాడు నేరుగా కుడికే వెళ్లాడు. అక్క మనసులో మాట కూడా పట్టేస్తాడు కదా అని మురిసిపోయాను.

ఏడేళ్ల కిందట జరిగింది కేకుల గొడవ.

ఆ ఏడు పండగ చాలా బాగా మొదలైంది. ఒక్క నా మోకాళ్లే బాగాలేవు. అందుకని డాక్టరు చెప్పిన ప్రకారం మందపాటి అడుగున్న గోధుమరంగు బూట్లు కొనుక్కుని వేసుకున్నాను. ఊరేగింపు చౌకులోకి వచ్చింది. అక్కణ్ణుంచి కుడికి తిరిగి నీటి ద్వారానికి వెళ్లాలి. జనం ఇసక వేస్తే రాలనట్టున్నారు. రెమేయ్ తన కొట్టు ముందు వేసిన బల్లకి ఎవరి మోచెయ్యి తగులుతుందో అని, దాని మీదున్న క్రీము కేకులతో సహా బల్లని పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ లోపలికి లాక్కుంటోంది.

నేను "కుడికి! కుడికి!" అని అరిచాను. గీస్లా ఎడమకి తిరిగింది.

"ఒరేయ్ కుడికిరా!" అన్నాను. గీస్లా గంభీరంగా, పట్టు గౌను ఊపుకుంటూ, రెమేయ్ వెంట కేకుల కొట్టు వైపు నడిచింది. అదే వేగం, అదే హుందాతనం. పెళ్లికి పిలిచినట్టు వెళ్లింది. గుడ్డ పందిరి చిరిగి కిరీటానికి చుట్టుకుంది. పందిరి కర్రలు విరిగాయి. గీస్లా ముందుకి ఒరిగి, కేకుల బల్ల మీద మొహం ఆనించి ఆగిపోయింది. సన్నాయిలు ఒక్కొక్కటే మూగబోయాయి. ఆ నిశ్శబ్దంలో గౌను లోపల నుంచి బల్దిరి గొంతు వినిపించింది.

"ద్వారం వచ్చిందా?"

రాణి గడ్డం నుంచి క్రీము కారుతోంది. రెమేయ్ బల్లకి అవతల, చేతులు పైకెత్తి, దొంగలు పడ్డట్టు నిలబడి ఉంది. ఆనక తేరుకుని అంది, "ఏం రాణీ, ఒకటి కొనుక్కుంటే సరిపోయేది కదా!"

ఆ సాయంత్రానికే ఊరు రెండు ముక్కలైంది. బల్దిరి తాగాడని ఒక ముక్క, భర్త పోయిన రెమేయ్ మీద మనసుపడ్డాడని ఒక ముక్క. రెండో ముక్కలోనే జనం ఎక్కువ. చిన్నపిల్లలు కూడా వాణ్ణి చూసి "ద్వారం వచ్చిందా?" అని అరిచేవాళ్లు. రెమేయ్ రెండు వారాలు వాడికి తీపి రొట్టె అమ్మలేదు. తర్వాత అమ్మింది కానీ, పందిరి మాట ఎత్తనిచ్చేది కాదు.

నేను ఇంట్లో నిలబెట్టి అడిగాను.

"నిజం చెప్పరా. తాగావా?"

"ఒక్క గుక్క. అందరూ తాగినంతే."

"రెమేయ్ అంటే ఇష్టమా?"

"ఆవిడ రొట్టెలంటే ఇష్టం."

"మరి ఆ కొట్లోకి ఎందుకు దూరావురా?"

"దారి తప్పాను."

"పుట్టిన ఊళ్లో? అరవై ఒక్క ఏట? చౌకు నడిమధ్యలో?"

"అవునక్కా."

"గొంతు చించుకుని కుడీ కుడీ అని అరిచాను కదా, వినపడలేదా?"

వాడు నా వంక చూశాడు. నా కాళ్ల వంక చూశాడు. "వినపడింది," అన్నాడు. "ఏదో పరధ్యానంలో ఉన్నాను. తప్పు నాదే."

నాకు ఒళ్లు మండిపోయింది. వినీ వెళ్లాడంటే నా మాటకి విలువేముంది? పదకొండు రోజులు మాట్లాడలేదు. సూపు గిన్నె మెట్ల మీద పెట్టి పైకి వచ్చేసేదాన్ని. వాడు గిన్నె కడిగి, అందులో ఒక టమాటో పెట్టి తిరిగి మెట్ల మీద ఉంచేవాడు. పదకొండు టమాటోలయ్యాయి.

ఇంతలో బొమ్మల బృందం పెద్ద, రాజుగారిని మోసే ఫెర్మీ, సమావేశం పెట్టాడు. ఫెర్మీ మంగలి. చేతిలో కత్తెర లేనప్పుడు కూడా రెండు వేళ్లు ఆడిస్తూ మాట్లాడతాడు.

"బల్దిరి మీద నాకు గౌరవం ఉంది. కానీ అరవై దాటిన కాళ్లు రాణికి ఎందుకు? ఇవాళ కేకుల కొట్టు. రేపు ద్వారం రాయికి కొడితే? కాళ్లు మార్చాలి."

"నా కాళ్లకేం? తలే అటు పోయింది," అన్నాడు బల్దిరి.

"అది మరీ ప్రమాదం."

నవ్వులు లేచాయి. బల్దిరి మాత్రం నవ్వలేదు. ఆ రోజే నాకు అర్థమైంది. ఊరు వాణ్ణి ఏమన్నా పడతాడు, గీస్లాని తీసేసుకుంటే మాత్రం వాడికి మిగిలేది కిటికీ రెక్కలే. చివరికి ఒక పరీక్షకి ఒప్పుకున్నారు. అక్టోబరులో ఒక ఆదివారం, సన్నాయిలతో డోళ్లతో సహా, పండగనాడు ఎలాగో అచ్చం అలాగే బల్దిరి రాణిని నీటి ద్వారం దాటించాలి. తగలకుండా దాటితే రాణి వాడిదే. తగిలితే జెండా.

పరీక్ష రోజు పొద్దున్నే పైకొచ్చాడు. చేతిలో నా పాత తాడు చెప్పులున్నాయి. ఉతికి ఎండబెట్టాడు, తాడు అడుగులు కొత్తగా కుట్టాడు. నల్ల రిబ్బన్ల చోట ఎర్రవి వేలాడుతున్నాయి.

"ఇవాళ ఇవి వేసుకో. ఆ గోధుమరంగు పడవలు వద్దు."

"డాక్టరు వేసుకోమన్నాడు."

"డాక్టరు రాణిని మోయడు కదా. అచ్చం పండగనాటిలా ఉండాలన్నారు. పండగకి బూట్లేంటి, నాలుగు ఇటుకలు కట్టుకున్నట్టు?"

"మరి ఈ ఎర్ర రిబ్బన్లేంటిరా? అరవై నాలుగేళ్లొచ్చాయి నాకు."

"నల్లవి చీకిపోయాయి. ఇంట్లో ఇవే ఉన్నాయి."

పరీక్ష రోజు కదా అని ఊరుకున్నాను. వీధిలోకి వెళ్లగానే రెమేయ్ గుమ్మంలోంచి నన్ను పేరు పెట్టి కేకేసింది. "ఎంగ్రాసియా! ఎవరమ్మా అతను? మాకూ చూపించు!" ఊరి ఆడవాళ్లందరూ నా చీలమండల వంకే చూశారు. వాడి మీద పళ్లు నూరుకుంటూ నడిచాను.

ఫెర్మీ తెల్లవారుతూనే నిచ్చెన వేసుకుని కమాను నడిమి రాయికి మసి పూసొచ్చాడు, కిరీటం తగిలితే తెలియాలని. సన్నాయిలు మొదలయ్యాయి. ఆ సొరంగంలో డోలు మోగితే పళ్లు కూడా అదురుతాయి. నేను వెనక్కి నడుస్తూ, ఇరవై ఏళ్లలో ఎన్నడూ అరవనంతగా అరిచాను. చీకట్లో గీస్లా తెల్లటి మొహం నా మీదికి తేలుకుంటూ వస్తోంది. మెలిక దగ్గర నా కాలు కాస్త జారి ఆగాను. గీస్లా కూడా ఆగింది. నేను సర్దుకుని కదిలాను. తనూ కదిలింది. ముప్పై రెండో అడుగుకి ఎండలోకి వచ్చాం.

ఫెర్మీ నిచ్చెనెక్కి కిరీటం తుడిచి చూశాడు. మసి అంటలేదు. ఫెర్మీ చొక్కా చేతులకీ, చెవికీ, మీసానికీ మాత్రం అంటింది.

"రాణి శుభ్రంగా ఉంది. రాజుగారి మనిషికే స్నానం కావాలి," అంది రెమేయ్.

గౌను ఎత్తితే బల్దిరి బాతులాగే కూర్చుని ఉన్నాడు. మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఫెర్మీ, నేనూ చెరో చంకలో చెయ్యి వేసి, మడత కుర్చీని విప్పినట్టు నెమ్మదిగా విప్పాం. నిటారుగా నిలబడ్డాక వాడు ఫెర్మీ భుజం తట్టి, "జెండా నువ్వే ఉంచుకో," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నీ గొంతే కాపాడిందక్కా," అన్నాడు.

ఆ తర్వాత ఆరు పండగలు. ప్రతి ఆగస్టు మొదటి వారంలో నా చెప్పులు మాయమయ్యేవి, ఉతికిన వాసనతో, కొత్త ఎర్ర రిబ్బన్లతో తిరిగొచ్చేవి. బూట్లు వేసుకుంటానంటే ఒప్పుకునేవాడు కాదు. పరీక్ష నెగ్గిన చెప్పులని ఏదో మూఢనమ్మకం పట్టుకుంది వీడికి అనుకున్నాను. ముసలితనంలో అక్కని ఆటపట్టించే సరదా అని కూడా అనుకున్నాను.

ఈ ఏడాది ఆగస్టులో కూడా గీస్లా తల వంచలేదు. అది ముందే చెప్పేస్తున్నాను. వంచుతుందనే అందరూ అనుకున్నారు. బల్దిరి పోయిన నెలకి ఫెర్మీ మా ఇంటికి వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, "ఈ ఒక్క ఏడూ రాణిని కూడా వాలుద్దాం టీచరు గారూ. తప్పేం లేదు. ఆయన తర్వాత ఎవరి వల్ల అవుతుంది?" అన్నాడు. ఫెర్మీ కళ్లు తడిగా ఉన్నాయి. అయినా నేను ఒప్పుకోలేదు. నా తమ్ముడు పోయిన ఏడే రాణి వాలితే, వాడు ఇరవై ఆరేళ్లు మోసిందంతా వాడితోపాటే పోయినట్టవుతుంది.

"ఎస్తెల్ మోస్తుంది," అన్నాను.

ఎస్తెల్ మునిసిపాలిటీ చెత్త లారీ నడుపుతుంది. ముప్పై మూడేళ్లు, గుమ్మానికి సరిపడా భుజాలు. ఒకప్పుడు నా దగ్గర చదువుకుంది, నా కేకలకి రెండో వరసలో కూర్చుని ఏడ్చేది. రెండు చలికాలాలుగా బల్దిరి ఆదివారం మధ్యాహ్నాలు దానికి పని నేర్పుతున్నాడని తెలుసు. ఏం నేర్పాడో నాకు తెలియదు.

జూలైలో సాధన పెట్టుకున్నాం. తమ్ముడు లేడు, చెప్పులు ఉతికేవాడు లేడు. హాయిగా గోధుమరంగు బూట్లు వేసుకుని వెళ్లాను. సన్నాయిలు మొదలయ్యాయి. ద్వారం నోట్లో నిలబడి, "రా! తిన్నగా రా!" అని అరిచాను. గీస్లా కదల్లేదు. మళ్లీ అరిచాను. రాణి నిలబడిన చోటే అటూ ఇటూ ఊగింది, ఆగింది. చివరికి చట్రం కిందికి దిగింది, గౌను అంచు పైకి లేచింది, ఎస్తెల్ తల బయటికి వచ్చింది. మొహం చెమటతో మెరుస్తోంది.

"టీచర్, ఆ చెప్పులేవి?"

"ఏ చెప్పులు?"

"ఎర్ర రిబ్బన్లవి. అవి లేకుండా ఎలా నడవను?"

"నేను అరుస్తున్నాను కదే! నా గొంతు విని నడువు."

ఎస్తెల్ సన్నాయిలవాళ్ల వంక చూసింది, నా వంక చూసింది. బళ్లో తేదీ తప్పు చెప్పినప్పుడు చూసినట్టే చూసింది.

"లోపలికి మీ మాట ఒక్క ముక్క వినపడదు టీచర్. డోలు తప్ప ఏదీ వినపడదు. ఆయనకి ఎప్పుడూ వినపడలేదట. మొదటి రోజే చెప్పాడు నాకు. వినడానికి ప్రయత్నించకు, మా అక్క కాళ్లు చూసుకుంటూ రా, ఆవిడ కాళ్లు తప్పు చెయ్యవు అన్నాడు."

నేను గోడకి ఆనుకున్నాను. "మరి నన్ను అరవొద్దని చెప్పొచ్చు కదా?"

"నేనూ అదే అడిగాను. వద్దులే, ఆవిడకి అరవడం ఇష్టం అన్నాడు."

సన్నాయి వాయించేవాళ్లలో ఎవడో పకపకా నవ్వాడు. నేను కూడా నవ్వాను. నవ్వుతూ ఉండగానే చౌకు గుర్తొచ్చింది. ఆ ఏడు నా కాళ్లకి ఉన్న బూట్లు గుర్తొచ్చాయి. తెల్ల చెప్పులకి నల్ల రిబ్బన్లు కట్టుకుని, బల్ల లాగుతూ వెనక్కి నడిచిన రెమేయ్ గుర్తొచ్చింది. మెట్ల మీది పదకొండు టమాటోలు గుర్తొచ్చాయి.

"కేకుల సంగతి కూడా చెప్పాడా నీకు?"

ఎస్తెల్ తల దించుకుంది. "చెప్పాడు. మీకు చెప్పొద్దన్నాడు. తన బూట్ల వల్లేనని తెలిస్తే మా అక్క మళ్లీ ముందు నడవదు అన్నాడు."

చెప్పులు తేవడానికి ఇంటికి బయల్దేరాను. వెనక నుంచి ఎస్తెల్ కేకేసింది.

"రిబ్బన్లు పాడైపోయుంటే చెప్పండి టీచర్, లారీ మీద వెళ్లి తెస్తాను. ఎర్రవి మన ఊళ్లో దొరకవు. ఊళ్లో ఇంకెవరి కాళ్లకీ ఉండకూడదనే ఆయన ఏటా బస్సెక్కి పక్క ఊరు వెళ్లి కొనుక్కొచ్చేవాడు."